గూబపిల్లకు రెండు నెలల గడువు

2017వ సంవత్సరమున విశాఖపట్టణములో, కట్టడము పూర్తికాని యొక భవనపు పైభాగమున, తెల్లని ముఖములును, నల్లని కన్నులును, బక్కపలుచని పొడుగుకాళ్ళును గలిగి, నిటారుగా నిలువబడి, ఎదుట సెల్‌ఫోను పట్టుకొన్న వారినే రెప్పవేయక చూచుచున్న వింతప్రాణులు కొన్ని కనబడగా, అవి గ్రహాంతరవాసులే యని యెవరో పుట్టించిన మాట ఆ వీడియోతోపాటు కొలదిదినములలోనే దేశదేశములకు ప్రాకిపోయెను. పక్షిశాస్త్రము నెరిగినవారు వెంటనే చెప్పిన సమాధానము మిక్కిలి సామాన్యమైనది: అవి తెల్లగూబ పిల్లలు. మన పల్లెలలో కొందరు చావుపిట్ట యని పిలిచెడి ఆ పక్షియే, పాతమిద్దెల అటకలలోను, ధాన్యపు గిడ్డంగులలోను, గుడిగోపురపు గూళ్ళలోను తరతరములుగా మన చెంతనే కాపురముండి, చీకటి పడినంతనే మన పొలములలో ఎలుకలను వేటాడెడి ఆ పక్షియే, తన పిల్లల రూపమున ఎదుటబడినప్పుడు మనము దానిని గుర్తింపలేకపోతిమి. మన తునికి సుమారు నూరు కిలోమీటర్ల దూరముననున్న పట్టణములో జరిగిన ఈ సంగతి విని పలువురు నవ్వుకొనిరి. నాకు మాత్రము చింతయే కలిగినది.

గుడ్లగూబను గూర్చి మనకు పరంపరగా సంక్రమించినది భయమే కాని పరిచయము కాదు. తునిలోను, తాండవనదికి ఆవలిగట్టుననున్న పాయకరావుపేటలోను, చుట్టుపట్ల గ్రామములలోను, కొట్టములో గూబ చేరినదని తెలిసినంతనే గృహస్థునకు తోచు మొదటి యాలోచన దానిని వెడలగొట్టుట. రెండవది శాంతి చేయించుట. గూబ యింట దూరినదను కారణముననే కొంతకాలము ఇల్లు విడిచి వేరొకచోట తలదాచుకొనెడి ఆచారమును పెద్దలెరుగుదురు. అయినను ఆ భయము వెనుక సహజమైన కుతూహలమొకటి దాగియున్నదని నా నమ్మకము. పగలు దానికి కన్ను కనబడునా, తలను గుండ్రముగా త్రిప్పగలదా, రాత్రివేళ ఎందుకట్లు అరచును, దాని పిల్లల రూపమట్లేల యుండును, చెట్టునుండి క్రిందబడిన పిల్లను ఏమి చేయవలెను, అని చిన్నలడుగుదురు, పెద్దలును అడుగుదురు. ఈ ప్రశ్నలకు సమాధానములు దొరకిననాడు భయము సగము తనంతట తానే తగ్గునని తలచి, నాకు తెలిసినంతలో వానిని ఇచ్చట చెప్పి, ఒక్క విన్నపము చేయదలచితిని: మీ యింటనో, మీ మిల్లులోనో, మీ తోటలోనో గూబ పిల్లలను పెట్టినచో, ఆ పిల్లలు పుట్టినది మొదలు ఎగిరిపోవు వరకు, అనగా ఇంచుమించు రెండు నెలలు, ఆ గూటిజోలికి పోకుడు.

గుడ్లగూబ యనగా ఒకే పక్షి యని తలచువారు చాలమంది. ప్రపంచమున సుమారు 250 జాతుల గూబలు గలవు; భారతదేశమున ముప్పదికి పైగా గలవు. శాస్త్రజ్ఞులు వీనిని రెండు కుటుంబములుగా విభజించిరి: హృదయాకారపు ముఖము గల తెల్లగూబయు దాని దాయాదులును ఒకటి, తక్కిన గూబలన్నియు రెండవది. తుని యున్న స్థలము ఈ విషయమున విశేషమైనది. ఒకవైపున తలుపులమ్మ లోవను చుట్టియున్న ధారకొండ, తీగకొండలు మొదలుగా తూర్పుకనుమల అంచులు. వాని పాదమున మామిడి, జీడిమామిడి తోటలు. తాండవ నీటితో పండెడి వరిమళ్ళు. అటుపిమ్మట తాటితోపులును సముద్రమును. ఇన్ని విధముల నేల యొకచోట కూడినందున ఇన్ని విధముల గూబలకును ఇచ్చట చోటు దొరకినది. ఊరి నడుమ చెట్టుతొర్రలలోను, పాతగోడల సందులలోను జంటగా నివసించి, సంధ్యవేళ కిచకిచమని అరచునది చుక్కల గూబ. పిడికెడంత దేహము, పసుపుపచ్చని కన్నులు గల దీనిని పైడికంటి యని పెద్దలనిరి. ప్రాచీన గ్రీకులు జ్ఞానదేవతయైన ఎథీనా చెంత నిలిపి తమ వెండినాణెములపై ముద్రించుకొన్న గూబ దీనికి దగ్గరి చుట్టము. దీని శాస్త్రీయనామములోను ఆ దేవత పేరే యున్నది. కొండరాళ్ళ నడుమనుండి గంభీరముగా రెండు మాత్రలలో పలుకునది, తలపై ఈకల కొమ్ములు గల పెద్దగూబ. నీటివాగుల వెంట చేపలను పట్టునది చేపలగూబ. పగలు బెరడులో కలిసిపోయి యెంత వెదకినను కనబడని చిన్న చెవులగూబయు, అడవి అంచులలో పట్టపగలు సైతము పలికెడి గీతలగూబయు, శీతకాలమున ఉత్తరదేశములనుండి వలసవచ్చి బయళ్ళలో దిగెడి పొట్టిచెవుల గూబయు మన రాష్ట్రమున గలవు. 1929–30 ప్రాంతమున వెర్నే పేరిట జరిగిన తూర్పుకనుమల పక్షి పరిశీలనము మొదలుకొని, విశాఖపట్టణపు కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ అను వారితో కలిసి 1987లో ప్రకటించిన విశాఖ కనుమల పక్షుల వివరణము వరకు, ఈ కొండల పక్షిసంపదను శ్రద్ధతో గ్రంథస్థము చేసినవారున్నారు. వారి కృషి మన యిండ్లలోనికి చేరవలసినంతగా చేరలేదనుటయే నా బాధ.

పగలు గూబకు కన్ను కనబడదనుట నిజము కాదు. కంటిపాపను మిక్కిలి చిన్నదిగా ముడుచుకొని అది పగటివెలుగును ఓర్చుకొనగలదు. ఎండలో గోడపై కూర్చుండి, తల పైకి క్రిందికి ఆడించుచు, మనలను నిదానించి చూచెడి చుక్కల గూబను ఎవరైనను గమనింపవచ్చును. పగలు అది దాగుట కాకులును ఏట్రింతలును గుమిగూడి వెంటబడునను భయము చేతనే. దాని కన్నులు మన కన్నులవలె గోళములు గాక గొట్టపు ఆకారమున నుండి ఎముకలో బిగిసియుండుటచేత కనుగ్రుడ్డును ప్రక్కకు కదల్చుట దానికి శక్యము గాదు. కావున ప్రక్కకు చూడవలెనన్న మెడనే త్రిప్పవలెను. మన మెడలో ఏడు పూసలుండగా దాని మెడలో పదునాలుగు గలవు. అయినను తల పూర్తిగా చుట్టి రాదు. 270 డిగ్రీలు, అనగా వృత్తములో ముక్కాలుభాగము, అదియే దాని పరిమితి. అంతగా మెలివేసినను మెదడునకు రక్తము నిలిచిపోకుండుటకు కారణమును 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు వెల్లడించిరి: మెడపూసలలో ధమని పోవు రంధ్రము ఆ ధమనికంటె సుమారు పదిరెట్లు వెడల్పైనది, అందుచే మెలి ఎంత పడినను నాళము నలగదు.

వేటలో గూబకు కన్నుకంటె చెవి గొప్ప సహాయము, ముఖ్యముగా తెల్లగూబకు. చెవి సరిగా వినబడని వృద్ధుడు అరచేతిని దొన్నెగా మడచి చెవివెనుక నుంచుకొనునట్లు, ఈ పక్షి ముఖమంతయు ఈకల వలయమై ధ్వనిని కూర్చి చెవులకందించును. ఆ చెవులును సమానమైన ఎత్తున నుండవు. ఒకటి కొంచెము పైకి, ఒకటి కొంచెము క్రిందికి నుండును. ఒక సవ్వడి రెండు చెవులను చేరుటలో గల అత్యల్పమైన కాలభేదమును బట్టి అది కుడివైపుదో యెడమవైపుదో, తీవ్రతలోని భేదమును బట్టి పైదో క్రిందిదో గూబ నిర్ణయించుకొనును. తరువాతి కాలమున తిమింగిలముల గానమును లోకమునకు వినిపించి ప్రసిద్ధుడైన రోజర్ పేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, తన యౌవనమున, వెలుతురు చొరని గదిలో ఆకులు పరచి ఎలుకను విడిచి, ఆ అలికిడిని బట్టియే తెల్లగూబ దానిని పట్టుకొనగలదని నిరూపించెను. జపానున జన్మించి అమెరికాలో పనిచేసిన మసకాజు కొనిషియు, ఆయన సహచరుడు ఎరిక్ నడ్సెనును, గూబ మెదడులో శబ్దముల దిక్కులకు ఒక పటమే యమరియున్నదని 1978లో చూపిరి. ఇట్టి చెవులు గల పక్షికి తన రెక్కల చప్పుడే అడ్డుకారాదు గదా. అందుకే రెక్క ముందరి ఈక అంచున దువ్వెనపండ్లవంటి నూగును, వెనుక అంచున మెత్తని కుచ్చును, పైభాగమున పట్టునునుపును ప్రకృతి దానికి సమకూర్చినది. తలమీదుగా పోయినను వినబడని ఆ ప్రయాణమే దానికి పిశాచమను పేరు తెచ్చిపెట్టినది.

ఇక కూత. ఇతర పక్షులు ఏ ప్రయోజనమునకు కూయునో గూబయు ఆ ప్రయోజనమునకే కూయును: తన నెలవు ఇదియని తెలుపుటకు, జంటను పిలుచుటకు, పిల్లలను పలుకరించుటకు. అది కూసిన యింట మరణము సంభవించునను నమ్మకమునకు మూలమేమై యుండునని నేను చాలకాలము ఆలోచించితిని. పూర్వకాలమున రోగి యున్న యింట రాత్రియంతయు దీపము వెలుగుచుండును, ఇంటివారు మేల్కొనియుందురు. దీపమునకు పురుగులు చేరును. పురుగులకై చుక్కల గూబ వచ్చి ఎదుటి చెట్టుపై వ్రాలును. నిద్రపోవు రాత్రులందు వినబడని కూత జాగరణము చేయు ఆ రాత్రి వినబడును. రోగి మరణించినచో ఆ కూత జన్మాంతము జ్ఞాపకముండును; కోలుకొన్నచో మరునాటికే మరపునకు వచ్చును. ఇట్లు ఒక పక్షిమీద ఒక్కవైపు సాక్ష్యమే తరతరములుగా పోగైనది. కారణము ఇదియే యని నేను శాసింపజాలను గాని, దీనికంటె నమ్మదగిన కారణమును నేనింతవరకు వినలేదు.

అన్నిటికంటె ఎక్కువగా అపార్థమునకు గురియైనవి గూబపిల్లలు. తెల్లగూబ పుల్లలేరి గూడుకట్టదు. అటకమీదనో, తొర్రలోనో, తాను వెడలగ్రక్కిన ఎలుక ఎముకలును వెండ్రుకలును కలిసిన ఉండల పరుపుమీదనే గ్రుడ్లు పెట్టును. సాధారణముగా నాలుగు మొదలు ఏడు వరకు పెట్టును. కాని కోడివలె అన్నియు పెట్టిన పిమ్మట పొదుగుటకు కూర్చుండక, మొదటి గ్రుడ్డు పెట్టిననాడే పొదుగ నారంభించును. గ్రుడ్డునకును గ్రుడ్డునకును రెండుమూడు దినముల యెడముండుటచేత, సుమారు నెలనాటికి పిల్లలును అదే క్రమమున ఒకదాని తరువాత నొకటి వెలువడును. అందుచే ఒక్క గూటిలోనే పక్షము దినముల వయస్సు తేడా గల తోబుట్టువులుందురు. పెద్దది ముఖమునకు రూపువచ్చి నిలువబడుచుండగా చిన్నది కన్నులైన సరిగా తెరువని మాంసపుముద్దగా నుండును. విశాఖపట్టణమున జనులను భ్రమింపజేసినవి ఈ మధ్యవయస్సు పిల్లలే: పెద్ద ఈకలింకను పెరుగలేదు, కావున కాళ్ళు పొడుగుగా కనబడును, ముఖవలయము మాత్రము ముందుగానే యేర్పడినది. ఈకలు నిండినంతనే ఆ పొడుగుకాళ్ళు కడుపుక్రింద మరుగుపడి, మనమెరిగిన పొట్టిపక్షి సిద్ధమగును.

ఇట్లు తేడాగా పుట్టుటకు కఠినమైన హేతువొకటి కలదు. ఎలుకలు సమృద్ధిగా నున్న సంవత్సరమున పిల్లలన్నియు బ్రతుకును; కరవు సంవత్సరమున కడపటి పిల్లలు నశించి, పెద్దవైనను మిగులును. అట్టి సమయమున చనిపోయిన చిన్నదానిని పెద్దవి తినుటయు కలదు. ఈ మాటను దాచి గూబను నేను అలంకరింపదలచలేదు. కాని ఇందుకు రెండవ పక్షముగూడ చెప్పవలెను. స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అలెగ్జాండర్ రూలాఁ బహుకాలము తెల్లగూబల గూళ్ళను పరిశీలించి కనుగొన్న విషయమేమనగా, తల్లిదండ్రులు వేటకు పోయినవేళ పిల్లలు తమలో తాము అరపులతో సంప్రదించుకొనును. ఎక్కువ ఆకలిగొన్నది ఎక్కువగా అరచును. అంత ఆకలి లేనిది వెనుకకు తగ్గి, తండ్రి తెచ్చిన ఎలుకను దానికి విడిచిపెట్టును. పెద్దపిల్ల తన వాటాను చిన్నపిల్లకు అందించుటయు ఆయన కన్నులార చూచి లెక్కవ్రాసిన సంగతియే. పాడుమిద్దెలలో రాత్రియంతయు వినబడి, దయ్యము గురకపెట్టుచున్నదని మనవారు భయపడెడి ఆ బుసబుస శబ్దము, ఆకలిగొన్న అన్నదమ్ముల సంప్రదింపు తప్ప మరియొకటి కాదు. పుట్టిన సుమారు అరువది దినములకు అవి రెక్కలువచ్చి వెడలిపోవును. అంతటితో ఆ శబ్దము నిలిచిపోవును.

కొమ్ముల పెద్దగూబ బిడ్డల గతి వేరు. అది కొండచరియపైనో, గట్టువాలులోనో, వట్టినేలమీద గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఎగురుట నేర్వకముందే నడచి గూడువిడిచి రాళ్ళమాటున తిరుగును. కావున రాతిక్వారీలలో పేల్చెడి మందుగుండునకును, ఊరకుక్కలకును, దాని నెక్కడికో అమ్ముకొనదలచిన మనుష్యునకును అవి సులభముగా చిక్కును. చుక్కల గూబ పిల్లలును తొర్రలో ఇరుకై, సరిగా ఎగురలేనప్పుడే కొమ్మమీదికి వచ్చి, ఒక్కొక్కప్పుడు క్రిందబడును. ఇట్టి పిల్ల కనబడినప్పుడు దయగలవారే ఎక్కువ పొరపాటు చేయుదురు: ఇంటికి తీసికొనిపోయి పాలు పోయుదురు, అన్నము పెట్టుదురు, బుట్టక్రింద మూయుదురు. గూబ మాంసాహారి, పాలును అన్నమును దానికి ప్రాణాంతకములు. గాయము లేని పిల్లయైనచో గుడ్డతో మెల్లగా పట్టుకొని, కుక్కకు పిల్లికి అందని కొమ్మమీద నుంచి, దూరముగా పోవలెను. చీకటిపడినంతనే తల్లిదండ్రులు దానిని కనుగొని మేపును. మనుష్యుని చేయి తగిలినదని తల్లి విడిచిపెట్టునను మాటలో నిజము లేదు. గాయపడినచో అటవీశాఖవారికి తెలుపుట యొక్కటే మార్గము.

మన వాఙ్మయములో గూబకు దొరకిన స్థానమును తలచినప్పుడు జాలి కలుగును. భారతములోని సౌప్తికపర్వమున, మర్రిచెట్టుమీద నిద్రించు కాకులను రాత్రివేళ ఒక గూబ సంహరించుట చూచి అశ్వత్థామకు నిద్రించు పాండవసైన్యమును చంపు దుర్బుద్ధి పుట్టెను. తిక్కనసోమయాజి తెలుగుచేసిన ఆ కథ మన మనస్సులలో గూబను హత్యకు గురువుగా నిలిపినది. పంచతంత్రములోని కాకోలూకీయమున కాకులరాజు మేఘవర్ణుని మంత్రి, గూబల గుహద్వారమున నిప్పుపెట్టి వానిని వంశముతో మాపుట నీతిగా చెప్పబడినది. ఆ కథలను పుట్టించినవారు ప్రకృతిని చక్కగా గమనించినవారే: పగలు కాకులు గూబను తరుముటయు, రాత్రి గూబ కాకిగూటిపై పడుటయు యథార్థములు. కాని వంగదేశమున అదే గూబ లక్ష్మీదేవి వాహనమై పూజలందుకొనుచున్నది. ఒక పక్షి ఒక నేలమీద సిరియు, ఒక నేలమీద శనియు అగుట పక్షిలోని గుణమువలన గాదని తెలిసికొనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

భయము ఇంతటితో నిలిచినను బాగుండెడిది. 2010లో ట్రాఫిక్ అను వన్యప్రాణి వాణిజ్య పరిశీలక సంస్థ ప్రకటించిన నివేదికలో, భారతదేశపు గూబజాతులలో పదునైదు రహస్యవ్యాపారమునకు గురియగుచున్నవనియు, దీపావళివేళ క్షుద్రపూజలకై వానిని బలియిచ్చుచున్నారనియు తేలినది. ఇది ఉత్తరదేశపు సంగతి యని మనము తప్పించుకొనుటకు వీలులేదు. 2018 చివరను తెలంగాణ శాసనసభ యెన్నికల వేళ, కర్ణాటకలోని సేడం ప్రాంతమున పెద్దగూబలను అమ్మజూచుచు పట్టుబడినవారు, అభ్యర్థుల ప్రత్యర్థులకు అరిష్టము కలిగించు పూజలకై అవి సరిహద్దు దాటవలసియున్నవని పోలీసులకు చెప్పినట్లు పత్రికలు వ్రాసినవి. వీరేశలింగంపంతులుగారు మూఢవిశ్వాసములపై రాజమహేంద్రవరమున కలము పట్టి నూరేండ్లు ఎప్పుడో గడచిపోయినవి. ఓటు కొరకు గూబను చంపు కాలము వచ్చునని ఆ మహనీయుడు ఊహించియుండడు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము గూబలన్నిటికిని వర్తించును. ఆ చట్టములో వేట యను పదమునకిచ్చిన నిర్వచనము మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపదగినది: పక్షిని చంపుట మాత్రమే గాక, గ్రుడ్లను పాడుచేయుటయు, గూటిని కలచుటయు వేటయే.

ఇప్పుడు పొలములోనికి వత్తము. గోదావరి మండలముల రైతునకు ఎలుక యెట్టి శత్రువో నేను వర్ణింపనక్కరలేదు. పంట పొట్టకు వచ్చినది మొదలు అది దుబ్బులు కొరికి, వెన్నులను కలుగులోనికి లాగుకొనిపోయి, గట్లను గుల్లచేయును. పూర్వము ఎలుకబుట్టలు పెట్టువారిని కూలికి పిలిచెడివారు. ఇప్పుడు వ్యవసాయశాఖవారు గ్రామమంతయు ఒక్కమారే కదలు సామూహిక నివారణమును సాగించుచు, తొంబదియారు పాళ్ళు నూకలును, రెండు పాళ్ళు నూనెయు, రెండు పాళ్ళు బ్రోమోడయోలోన్ మందును కలిపి పొట్లములు కట్టి కలుగులలో వేయించుచున్నారు. 1925లో నెలకొన్న మార్టేరు వరి పరిశోధనస్థానము ఎలుకల విషయమున చేసిన కృషి రైతుకు మేలుచేసినదే. ఆ మందును ఒక్కమారుగా మానుమని చెప్పుటకు నేను సాహసింపను. అయినను ఆ మందు పనిచేయు తీరు రైతు తెలిసికొనవలెను. అది రక్తము గడ్డకట్టు శక్తిని నశింపజేయును. తిన్న ఎలుక వెంటనే చావక కొన్నిదినములు జీవించి, నీరసించి, పట్టపగలు సైతము గట్లమీద తూలుచు తిరుగును. అట్టి ఎలుక గూబకు మొట్టమొదట చిక్కును. విషము ఎలుక దేహమునుండి గూబ కాలేయములోనికి చేరి, అచ్చట బహుకాలము నిలిచియుండును. బ్రిటనులో చచ్చిపడిన తెల్లగూబలను పరీక్షింపగా వానిలో అత్యధికసంఖ్యాకములందు ఈ తరగతి మందులు బయటపడినవి. మలేషియాలోని పామాయిల్ తోటలలో పెట్టెలుపెట్టి తెల్లగూబలను పెంచుకొని, ఆ తోటలలోనే ఇంకను తీవ్రమైన బ్రోడిఫాకమ్ మందును చల్లిన చోట గూబలే తగ్గిపోయినట్లు 1980ల దశకముననే గుర్తించిరి. పామాయిల్ తోటలు గోదావరి జిల్లాలలోను విస్తరించిన ఈ రోజులలో ఆ అనుభవము మనకు పరాయిది కాదు.

ఎలుకను తినెడి పక్షిని అరిష్టమని తరిమి, ఆ పిమ్మట ఎలుకకై డబ్బుపెట్టి విషము కొనుట, ఆ విషముతో మిగిలిన పక్షులనుగూడ చంపుట: దీనిని నేను తెలివిమాలిన వ్యవసాయమని చెప్పక తప్పదు. ఒక తెల్లగూబ జంట తమ పిల్లలతో కలిసి యేడాదిలో వేలకొలది ఎలుకలను పట్టునని లెక్కలు గలవు. ఇజ్రాయెల్ దేశమున 1983లో స్దే ఎలియాహు అను సహకార వ్యవసాయక్షేత్రమున తెల్లగూబలకై చెక్కపెట్టెలు పెట్టి ప్రారంభించిన ప్రయత్నమును టెల్ అవీవ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు యోసీ లేషెమ్ విస్తరింపజేయగా, 2002 మొదలు పొరుగున జోర్డానును, పాలస్తీనా రైతులును అందులో చేరిరి. రాజకీయముగా బద్ధవైరము గల ఆ నేలలో ఇది సాధ్యమగుటయే ఒక విశేషము. మనకు మరింత ముఖ్యమైన విశేషమేమనగా, జోర్డాను రైతులును మనవలెనే గూబను అపశకునముగా తలచెడివారు. అయినను, మన్సూర్ అబూ రషీద్ అను విశ్రాంత సైన్యాధికారియు, కొందరు మతపెద్దలును రైతులతో మాటలాడి, పొలములో జరుగుచున్నదానిని కన్నులకు చూపగా, వారు తమ గట్లమీద పెట్టెలు నిలుపుకొనిరి. అక్కడ సాధ్యమైనది తాండవ ఆయకట్టులో ఏల సాధ్యము గాదు? పైరులో పురుగులకొరకు పక్షిస్థావరములని పంగలకర్రలు పాతుట మన రైతు ఎరిగినదే. దానికి గట్టిగొయ్య జోడించి, ఒక చెక్కపెట్టెను పాకకప్పులోనో పంపుసెట్టు గదిపైనో నిలుపుటకు పెద్ద వ్యయముగాదు. అయితే పెట్టె పెట్టినచోట విషపుపొట్లము పెట్టరాదు. అచ్చట బుట్టలే వాడవలెను.

నా మాటకు ఎదురుమాటలు లేకపోలేదు. గూబగూడు దుర్వాసన వేయునందురు, నిజమే, వేయును. రాత్రులు నిద్రపట్టదందురు, పిల్లలు పెరుగుచున్నన్నాళ్ళు అదియు నిజమే. గూటిదరికి పోయినచో తల్లి మీదబడి గీరునందురు, పోకున్నచో గీరదు. ఇల్లు కట్టుకొనుచున్నవాడు రెండు నెలలు పని ఆపినచో కూలీల జీతములెవరిత్తురని ఒక మేస్త్రీ నన్నడిగెను. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసికొనలేదు. పని అంతయు ఆపనక్కరలేదు; గూడున్న ఆ యొక్క మూలను విడిచి తక్కినచోట సాగింపవచ్చును; అట్లును వీలుగానిచో అటవీశాఖవారిని పిలిచి, వారి సమక్షమున, తల్లికి కనబడు సమీపములోనే పెట్టెలోనికి మార్పించుట కడపటి ఉపాయము. పిల్లలను రోడ్డుమీద పడవేసి ఫోటోలు తీయుటకంటె ఇది యెక్కువ శ్రమ కాదు. శకునమును నమ్మువారితో నేను వాదింపను. శాంతి చేయించుకొనుట మీ యిష్టము. ఆ శాంతిని పక్షిని చంపకుండ చేయించుకొనుడని మాత్రమే కోరుదును.

కార్తికము మొదలు ఫాల్గుణము వరకు, ఇంచుమించు నవంబరునుండి మార్చివరకు, మన ప్రాంతమున చాలగూబలు పిల్లలను పెంచెడి కాలము. తెల్లగూబకు ఆ కాలనియమముగూడ అంతగా లేదు. కావున తునిలోను చుట్టుపట్లను పాతమిద్దెలు పడగొట్టదలచిన గృహస్థులకును, గోపురములకు రంగులు వేయింపదలచిన ధర్మకర్తలకును, గిడ్డంగులు శుభ్రము చేయు మిల్లు యజమానులకును, మామిడితోటలలో పుచ్చుకొమ్మలు నరికించు తోటకాపులకును, ఎలుకమందు పంచెడి వ్యవసాయాధికారులకును నా మనవి యిది: పని ప్రారంభించుటకు ముందు దీపము పట్టుకొని ఒకమారు లోపల చూడుడు. బుసశబ్దము వినబడినచో, తెల్లనూగు పిల్లలు కనబడినచో, తలుపు దగ్గరకు వేసి, వానికి రెక్కలు వచ్చువరకు ఆగుడు. మీ పిల్లలకు దూరమునుండి వానిని చూపుడు, పేరు చెప్పుడు. రెండు నెలల పిమ్మట మీ పని మీరు చేసికొనవచ్చును.